ఆగడం కూడా నడపడమే

మోటారు సైకిలు నేర్పేవాళ్ళు ముందు క్లచ్చి వదలడం నేర్పుతారు, తరువాత గేర్లు మార్చడం నేర్పుతారు, చివరికి బ్రేకు చూపిస్తారు. బ్రేకు నొక్కితే బండి ఆగుతుంది, పాఠం అక్కడితో పూర్తవుతుంది. కాని మన బండి ఆగినంత మాత్రాన రోడ్డు ఆగదు. మన వెనుక వస్తున్నవాడు ఇంకా వస్తూనే ఉంటాడు. మనం ఆగుతున్న సంగతి అతనికి తెలియాలి. తెలిసిన తరువాత ఆగడానికి అతనికి చోటుండాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా దెబ్బ తగిలేది మనకే. తప్పు అతనిదే కావచ్చు, కోర్టు కూడా ఆ మాటే చెప్పవచ్చు. కాని విరిగిన నడుముకు ఆ తీర్పు మందు కాదు. అందువల్ల తప్పెవరిదన్న ప్రశ్న పక్కన పెట్టి, వెనుక నుంచి దెబ్బ ఎలా తగులుతుంది, తగలకుండా మన చేతిలో ఏముంది అన్న రెండు విషయాలు మాత్రమే ఇక్కడ ముచ్చటిస్తాను.

నేను పెదపాడు వాణ్ణి. చదువుకొన్నది భౌతికశాస్త్రం. మా పెదపాడు, వట్లూరు, కలపర్రు ఊళ్ళ నుంచి ఏలూరులో చదువుకొనే పిల్లలు ఒకప్పుడు బస్సుల మీద, సైకిళ్ళ మీద వచ్చేవారు. ఇప్పుడు ఎక్కువ మంది మోటారు సైకిలు మీదే వస్తున్నారు. వాళ్ళు వచ్చే దారుల్లో పెద్దది చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి. దీనిని మా పెద్దవాళ్ళు ఇప్పటికీ 5వ నంబరు రోడ్డనే అంటారు. 2010లో దేశమంతటా నంబర్లు మార్చినప్పటి నుంచి ఇది 16వ నంబరు. నంబరు ఏదైనా, ఓడరేవు సరుకు, కొల్లేటి చేపలు, గోదావరి ధాన్యం, కాలేజీ పిల్లలు అందరూ ఒకే తారు మీద పోవలసిన రోడ్డు ఇది.

సమస్య చిన్నదేం కాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రకటించిన లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద పోతున్నవారు. అదే నివేదికలో ప్రమాదాలను జరిగిన తీరును బట్టి విడదీశారు. వెనుక నుంచి గుద్దుకొన్నవి మొత్తం ప్రమాదాల్లో ఐదో వంతుకు పైగా ఉన్నాయి. అన్ని రకాల వాహనాలూ అందులో కలిసి ఉన్న మాట నిజమే. అయినా కారును వెనుక నుంచి గుద్దితే డిక్కీ నలుగుతుంది, మోటారు సైకిలును గుద్దితే మనిషి నలుగుతాడు.

ఎంత దూరంలో ఆగుతాడు?

ముందు చిన్న లెక్క. డ్రైవరు ఒక వస్తువును చూసి, అది అడ్డమని గ్రహించి, కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికి కొంత కాలం పడుతుంది. శ్రద్ధగా ఉన్న మనిషికి సుమారు 1.5 సెకన్లు అనుకొందాం. ఈ ఒకటిన్నర సెకనులో బండి ఏమాత్రం తగ్గకుండా అదే వేగంతో పోతుంది. ఆ తరువాత బ్రేకు పట్టుకొంటుంది. పొడి రోడ్డు మీద గట్టిగా పట్టిన బ్రేకుకు వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకొందాం. అప్పుడు మొత్తం దూరాలు ఇలా వస్తాయి.

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో: 29 మీటర్లు.
గంటకు 60 కిలోమీటర్ల వేగంలో: 53 మీటర్లు.
గంటకు 80 కిలోమీటర్ల వేగంలో: 83 మీటర్లు.
గంటకు 100 కిలోమీటర్ల వేగంలో: 119 మీటర్లు.

వేగం 40 నుంచి 80కి రెండింతలైతే దూరం దాదాపు మూడింతలయింది. బ్రేకు పట్టిన తరువాత పోయే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక ఇలా జరుగుతుంది. ఇంటర్మీడియెట్‌లో మనమంతా రాసిన సూత్రమే. ఇది మంచి కారు, మంచి టైర్లు, పొడి రోడ్డు అనుకొని వేసిన లెక్క. నిండు లోడుతో ఉన్న లారీ ఇంత తక్కువ దూరంలో ఆగదు. వాన కురిసిన రోడ్డు మీద కారూ ఆగదు.

కంటికి ఎప్పుడు తెలుస్తుంది?

అసలు చిక్కు ఇక్కడుంది. పై లెక్కలో డ్రైవరు మనల్ని చూడగానే మనం ఆగి ఉన్నామని అతనికి తెలిసిపోయినట్లు అనుకొన్నాం. చూడడం వేరు, ఆగి ఉందని తెలియడం వేరు.

వట్లూరు స్టేషను ప్లాట్‌ఫారం మీద నిలబడి, అక్కడ ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ వస్తుంటే ఎప్పుడైనా గమనించారా? దూరాన ఇంజను ఒక చుక్కలా కనబడుతుంది. అది వస్తోందో నిలబడి ఉందో చాలాసేపు చెప్పలేం. ఉన్నట్టుండి ఆ చుక్క పెద్దదవుతుంది, మరుక్షణం రైలు మన మీది నుంచి పోతున్నట్టే ఉంటుంది. రైలు వేగం మారలేదు. మన కంటిలో దాని బొమ్మ పెరిగే వేగం మారింది.

ఎదురుగా ఉన్న వస్తువు దగ్గరవుతోందని కన్ను తెలుసుకొనేది ముఖ్యంగా ఈ బొమ్మ పెరుగుదలను బట్టే. ఆ బొమ్మ పెరిగే కోణం సెకనుకు సుమారు 0.003 రేడియన్లు దాటితే గాని మనిషికి దగ్గరవుతున్న వేగం సరిగా తెలియదని వాహన పరిశోధకులు లెక్కకు తీసికొంటారు. ఈ కోణం పెరిగే వేగాన్ని మనమే కట్టవచ్చు: వస్తువు వెడల్పును దగ్గరవుతున్న వేగంతో గుణించి, దూరం వర్గంతో భాగిస్తే చాలు. అంటే వస్తువు ఎంత సన్నగా ఉంటే అంత దగ్గరికి వచ్చిన తరువాత గాని సంగతి తెలియదు.

మోటారు సైకిలు హ్యాండిలు వెడల్పు 0.8 మీటరు అనుకొందాం. వంద మీటర్ల దూరంలో అది కంటికి అర డిగ్రీ కూడా ఉండదు. పున్నమి చంద్రుడు కంటికి కనబడే వెడల్పు అర డిగ్రీ. అంటే వంద మీటర్ల అవతల ఆగి ఉన్న బండి, దాని మీద ఉన్న మనిషితో సహా, వెడల్పులో చందమామ కన్నా కాస్త తక్కువే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే డ్రైవరుకు ఆగి ఉన్న లారీ (వెడల్పు 2.4 మీటర్లు) ఆగి ఉందని 133 మీటర్ల దూరంలో తెలుస్తుంది. ఆగి ఉన్న కారు (1.7 మీటర్లు) 112 మీటర్ల దూరంలో తెలుస్తుంది. మోటారు సైకిలు 77 మీటర్ల దూరంలో గాని తెలియదు.

ఇప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి.

వేగం 60: తెలిసే దూరం 67 మీటర్లు, ఆగడానికి కావలసింది 53. మిగిలేది 14 మీటర్లు.
వేగం 80: తెలిసే దూరం 77 మీటర్లు, ఆగడానికి కావలసింది 83. తక్కువ పడేది 6 మీటర్లు.
వేగం 100: తెలిసే దూరం 86 మీటర్లు, ఆగడానికి కావలసింది 119. తక్కువ పడేది 33 మీటర్లు.

ఇవి ఉజ్జాయింపు లెక్కలే. ఎర్ర దీపం, చుట్టుపక్కల జనం, ముందున్న వాహనాల నడక డ్రైవరుకు ముందే హెచ్చరిక ఇస్తాయి. అయినా ఈ అంకెలు చెప్పే నిజం ఒకటుంది. వెనుక నుంచి గుద్దిన ప్రతివాడూ తాగినవాడో, నిద్రపోయినవాడో, సెల్‌ఫోను చూస్తున్నవాడో కానక్కరలేదు. కళ్ళు తెరిచి రోడ్డు చూస్తున్న మంచి డ్రైవరుకు కూడా రహదారి వేగంలో ఆగి ఉన్న మోటారు సైకిలు ఆలస్యంగానే అర్థమవుతుంది. "వాడే చూసుకొంటాడులే" అన్న మన ధీమాకు ఆధారం లేదు. ఆ తక్కువ పడ్డ మీటర్లు ఎవరో ఒకరు సమకూర్చాలి. వెనుకవాడికి చేతకాదు గనుక ఆ పని మనమే చెయ్యాలి.

రాత్రి సంగతి ఇంకా కష్టం. చీకట్లో బండి వెడల్పు కనబడదు, దీపం ఒక్కటే కనబడుతుంది. ఆ దీపం వెడల్పు పది సెంటీమీటర్లనుకొంటే, పై సూత్రం ప్రకారం అది దగ్గరవుతోందని 80 వేగంలో తెలిసేది 27 మీటర్ల దూరంలో! కారుకు రెండు దీపాలుంటాయి, వాటి మధ్య ఎడం పెరగడం కంటికి ఆనుతుంది. మనకున్నది ఒంటి దీపం. అది ఎదురుగా నాలుగడుగుల్లో ఉందో, నాలుగు వందల అడుగుల్లో ఉందో వెనుకవాడికి పోల్చుకోవడం కష్టం.

బ్రేకు మెల్లగా, ముందుగా

ఇంతవరకు ఆగి ఉన్న బండి సంగతి. ఇప్పుడు ఆగుతున్న బండి సంగతి చూద్దాం. మీరు 60 వేగంలో పోతున్నారు. వెనుక 10 మీటర్ల దూరంలో ఒక కారు అదే వేగంతో అంటుకొని వస్తోంది. అంటే మీకూ దానికీ మధ్య ఉన్న కాలం 0.6 సెకను. ముందు ఏదో అడ్డం వచ్చింది. మీరు గట్టిగా బ్రేకు పట్టారు. మీ వేగం సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గుతోంది. కారు డ్రైవరు 1.5 సెకన్ల తరువాత అంతే గట్టిగా పట్టాడు. ఈలోగా 10 మీటర్లలో దాదాపు 7 మీటర్లు అయిపోయాయి. ఇక మిగిలిన మూడు మీటర్లు ఎంతోసేపు నిలవవు. కారు మీకన్నా గంటకు 32 కిలోమీటర్ల ఎక్కువ వేగంతో మీకు తగులుతుంది. మీ బ్రేకు బాగుంది, అతని బ్రేకూ బాగుంది. అయినా దెబ్బ తప్పలేదు.

అదే మనుషులు, అదే 10 మీటర్లు. ఈసారి మీరు మెల్లగా, సెకనుకు 2 మీటర్ల చొప్పున మాత్రమే తగ్గేలా బ్రేకు పట్టారనుకొందాం. డ్రైవరు తేరుకొనే 1.5 సెకన్లలో పోయేది రెండుంబావు మీటర్లే. ఆ తరువాత అతను ఓ మోస్తరుగా, సెకనుకు 3 మీటర్ల చొప్పున బ్రేకు పట్టినా మూడు మీటర్ల పైచిలుకు దూరం మిగిలి ఉండగానే అతని వేగం మీ వేగానికి దిగివస్తుంది. దెబ్బ లేదు. డ్రైవరు మంచివాడేం కాలేదు, మీరు అతనికి కాలం ఇచ్చారు.

మరి ఈ మెత్తని బ్రేకుకు ఖరీదు ఏమిటి? గట్టి బ్రేకుతో 60 నుంచి ఆగడానికి 23 మీటర్లు చాలు. మెల్లని బ్రేకుకు 69 మీటర్లు కావాలి. ఆ 46 మీటర్ల తేడా మీ ముందు ఖాళీగా ఉంటేనే మీరు మెల్లగా ఆగగలరు. ఈ వ్యాసంలో ఒక్క ముక్క గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి: మన వెనుక రక్షణ మన ముందున్న ఖాళీలో ఉంది. వెనుకవాడు అంటుకొని వస్తుంటే మనం చెయ్యవలసింది వేగం పెంచడం కాదు, అతనికి చెయ్యి ఊపి తగువు పెట్టుకోవడమూ కాదు. ముందున్న బండికి ఇంకా వెనుకబడాలి. మామూలుగా 2 సెకన్ల దూరం ఉంచితే, అప్పుడు 4 సెకన్లు ఉంచాలి. లెక్క సులువే. ముందు బండి ఒక స్తంభం దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు" అని లెక్కపెట్టుకోండి. నాలుగు పూర్తి కాకుండా మీరా స్తంభం దగ్గరికి వస్తే దగ్గరగా ఉన్నట్లు. అతను దాటిపోతానంటే ఎడమకు జరిగి పోనివ్వండి. ముందు పోయిన బండి మనల్ని వెనుక నుంచి గుద్దలేదు.

ఇంకొక చిన్న విషయం చాలామందికి తట్టదు. గేరు తగ్గించినా, యాక్సిలేటరు వదిలినా బండి నెమ్మదిస్తుంది గాని వెనుక ఎర్ర దీపం వెలగదు. వెనుకవాడికి మనం తగ్గుతున్న కబురే అందదు. అందుకని నెమ్మదించబోయే ముందు బ్రేకును రెండు మూడుసార్లు తేలికగా తాకండి. దీపం మిణుకుమంటుంది. నిలకడగా వెలిగే దీపం కన్నా మిణికే దీపం ముందు కంటబడుతుంది. చేతి సంజ్ఞ కూడా మంచిదే, కుడిచెయ్యి చాపి అరచెయ్యి కిందికి పెట్టి పైకీ కిందికీ ఆడించడం మన పాత పద్ధతి. అయితే మోటారు సైకిలుకు యాక్సిలేటరు, ముందు బ్రేకు రెండూ కుడిచేతిలోనే ఉన్నాయి. కాబట్టి సంజ్ఞ బ్రేకుకు చాలా ముందే ఇచ్చి, చెయ్యి మళ్ళీ హ్యాండిలు మీదికి తెచ్చుకోవాలి. వెనుక ఎవరైనా కూర్చుని ఉంటే ఆ పని వారికి అప్పగించవచ్చు. వెనక్కి ఒకసారి చూడడం, చెయ్యి ఎత్తడం వాళ్ళకు సులువు.

మన ప్రాంతంలో ఆగే చోట్లు

హనుమాన్ జంక్షన్ నుంచి ఏలూరు వరకు ఉన్న రోడ్డు తెలిసినవాళ్ళకు ఈ చోట్లు కొత్తవి కావు.

మొదటిది డివైడరు ఖాళీ. కుడివైపు ఊళ్ళోకి తిరగాలని బండిని రోడ్డు మధ్య ఖాళీలో నిలుపుతాం. ముందు చక్రం ఖాళీలో ఉంటుంది, వెనుక చక్రం మాత్రం అందరికన్నా వేగంగా పోయే వరసలో ఉంటుంది. చూపంతా ఎదురు రోడ్డు మీద, వీపు 100 వేగం మీద. పై లెక్కలో 33 మీటర్లు తక్కువ పడ్డది ఈ చోటుకే అన్వయించుకోండి. అండర్‌పాస్ ఉన్నచోట కిలోమీటరు ఎక్కువైనా దాని కింద నుంచే పొండి. అది లేనిచోట ఎడమవైపు తారు పూర్తిగా దిగి మార్జిన్‌లో ఆగి, రెండు వైపులా ఖాళీ చూసుకొని, ఒక్క ఊపులో దాటండి. మధ్యలో ఆగవలసి వస్తుందనిపిస్తే అసలు బయలుదేరవద్దు.

రెండవది తెల్లగీత. ఫోను మోగిందని, తలపాగా జారిందని, స్నేహితుడు కనబడ్డాడని గీత మీదే బండి నిలుపుతాం. గీత గోడ కాదు. ఆగదలచుకొంటే తారుకు కనీసం రెండు బారల అవతల, మట్టిలో ఆగాలి. రాత్రయితే బండి దీపం ఆర్పకూడదు. మనిషి బండి మీద కూర్చోకుండా, బండికి రోడ్డుకు మధ్య నిలబడకుండా, అవతలి పక్కన నిలబడాలి.

మూడవది వాన. వాన పట్టుకోగానే వంతెన కింద పది బండ్లు చేరతాయి. మొదటి రెండు మార్జిన్‌లో ఉంటాయి, చివర వచ్చినవి సగం రోడ్డు మీద ఉంటాయి. వెలుతురు నుంచి వంతెన నీడలోకి వచ్చే డ్రైవరుకు, అద్దం మీద వాన నీళ్ళతో, ఆ గుంపు కనబడేది చివరి క్షణంలో. తడిస్తే బట్టలు ఆరతాయి.

నాలుగవది మన కొల్లేటి ప్రత్యేకం. చేపల లారీల నుంచి ఐసు నీళ్ళు కారి రోడ్డు తడుస్తుంది. చేపల నీచుతో కలిసిన ఆ తడి మామూలు నీటి కన్నా జారుతుంది. కైకలూరు రోడ్డు మీద ఎదురుగా చేపల లారీ పోయిందంటే బ్రేకు మరీ మెల్లగా పట్టాలి, వెనుకవాడికీ అదే తడి అని గుర్తుంచుకోవాలి. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు. అది కనబడగానే అందరూ ఒక్కసారిగా తగ్గుతారు. ఇక సంక్రాంతి ముందు వెనుకల తెల్లవారుజామున మంచు. మంచులో రోడ్డు మీద ఆగడమన్న మాటే ఉండకూడదు. కనబడకపోతే తారు దిగిపోవాలి.

అయిదవది కలపర్రు టోల్‌గేటు వంటి చోటు. మోటారు సైకిలుకు అక్కడ రుసుము లేదు. అయినా అందరూ నెమ్మదించే చోటు గనుక, వరసలు మార్చుకొంటూ వచ్చే పెద్ద బండ్ల మధ్య నుంచి దూరకుండా ముందే ఎడమ అంచుకు చేరుకోవాలి.

సిగ్నలు దగ్గర

ఏలూరు పట్నంలో ఆగినప్పుడు వేగాలు తక్కువ, కాని ఆగడాలు ఎక్కువ. ఇక్కడ అలవాటు చేసికోవలసిన పద్ధతి ఒకటుంది.

వరస నడిమధ్యన ఆగకుండా కొంచెం పక్కకు ఆగాలి. ముందున్న బండికి కనీసం ఒక మోటారు సైకిలు పొడుగు ఖాళీ వదలాలి. ముందున్న కారు వెనుక టైర్లు రోడ్డుకు ఆనినచోటు కనబడుతుంటే ఆ ఖాళీ ఉన్నట్లే. ముందు చక్రం ఆ ఖాళీ వైపు తిరిగి ఉండాలి. బండి న్యూట్రల్‌లోకి తెచ్చి చేతులు కట్టుకోకుండా, ఒకటో గేరులో క్లచ్చి పట్టుకొని ఉండాలి. ఎడమ కాలు నేల మీద, కుడి కాలు బ్రేకు మీద ఉండాలి. అప్పుడు ఆగి ఉన్నంతసేపు ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది. చూపు అద్దంలో ఉండాలి. వెనుక ఒకటి రెండు బండ్లు వచ్చి పూర్తిగా ఆగిన తరువాత గాని న్యూట్రల్ చెయ్యకూడదు. వెనుక ఆగిన ఆ బండ్లే ఇక మనకు గోడ. వచ్చేవాడు ఆగేటట్లు లేడనిపిస్తే బ్రేకు రెండుసార్లు మిణికించి, అప్పటికీ తగ్గకపోతే ఆ ఖాళీలోకి జరిగిపోవాలి.

ఆ ఒక్క బండి పొడుగు ఎందుకంత ముఖ్యమో కూడా లెక్కలో చెబుతాను. బండి, మనిషి కలిసి 180 కిలోలనుకొందాం. 1,200 కిలోల కారు గంటకు 40 వేగంతో వచ్చి గుద్దితే, ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం రెండూ కలిసి దాదాపు 35 వేగంతో ముందుకు పోతాయి. నిశ్చలంగా ఉన్న మనిషికి రెప్పపాటులో ఆ వేగం వస్తుంది. ముందు ఖాళీ ఉంటే అతను పడతాడు, దొర్లుతాడు, బతికే అవకాశం ఉంటుంది. ముందు లారీ వెనుకభాగం ఉంటే అతను రెండు ఇనుముల మధ్య ఉంటాడు.

ఇంకొక అలవాటు మానాలి. సిగ్నలు పడ్డప్పుడు సందుల్లోంచి దూరి అందరికన్నా ముందుకు, సరిగ్గా లారీ ముక్కు కింద నిలబడతాం. లారీ డ్రైవరు ఎత్తులో కూర్చుంటాడు. అతని అద్దం కింద రెండు గజాల్లో ఉన్నవాడు అతనికి కనబడడు. పచ్చ దీపం వచ్చి మన బండి ఒక్క క్షణం మొరాయిస్తే చాలు. నిలబడితే డ్రైవరు ముఖం మనకు కనబడేటట్లు నిలబడాలి. అతని ముఖం మనకు కనబడకపోతే మనం అతనికి కనబడనట్లే.

బండి, తల, చట్టం

మన కుర్రకారులో అందానికి అడ్డమని అద్దాలు తీసేసే అలవాటుంది. వెనుక దీపానికి నల్ల కాగితం అంటించే సరదా ఉంది. మొదటిది మన కన్ను మనమే పొడుచుకోవడం, రెండవది వెనుకవాడి కళ్ళకు గంతలు కట్టడం. కొన్ని పాత బండ్లలో కాలి బ్రేకుకే దీపం వెలుగుతుంది, చేతి బ్రేకుకు వెలగదు. మీ బండి ఏ రకమో రాత్రిపూట ఇంటి గోడకు వెనుక భాగం పెట్టి ఒకసారి చూసుకోండి. గోడ మీద ఎర్రటి వెలుగు రావాలి. ఒంటి దీపానికి వెడల్పు తెచ్చే ఉపాయం కూడా ఉంది. దీపానికి రెండు పక్కలా, వీలైనంత ఎడంగా మెరిసే ఎర్ర పట్టీలు అంటిస్తే, చొక్కా మీద మెరిసే పట్టీ వేసుకొంటే, కారు హెడ్‌లైటు పడగానే మనం చుక్కగా కాక ఒక ఆకారంగా కనబడతాం.

2019 ఏప్రిల్ నుంచి తయారయ్యే బండ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్, అంతకు తక్కువవాటికి రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటు తప్పనిసరి అయింది. చాలా మంచి మార్పు. కాని మన బండి ఎంత తక్కువ దూరంలో ఆగగలిగితే, వెనుక నిండు లోడు లారీకి అంత ఇబ్బంది అని మరవకూడదు. మంచి బ్రేకు ఆపదకు దాచుకోవలసిన వస్తువు, అలవాటుగా వాడవలసింది కాదు.

హెల్మెట్టు గురించి 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షనులో ఉంది. నడిపేవాడికే కాదు, వెనుక కూర్చున్నవారికి కూడా అది వర్తిస్తుంది. వెనుక దెబ్బలో ముందు ఎగిరిపడేది వెనుక కూర్చున్నవారే. మోచేతికి తగిలించుకొన్న హెల్మెట్టు మోచేతిని మాత్రమే కాపాడుతుంది. ముందు వాహనం హఠాత్తుగా ఆగినా గుద్దుకోకుండా ఉండేటంత దూరం పాటించాలని, అవసరం లేకుండా హఠాత్తుగా బ్రేకు వెయ్యరాదని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఉంది. వాటి స్థానంలో 2017లో కొత్త నిబంధనలు వచ్చాయి. అంటే చట్టం వెనుకవాడికీ ముందువాడికీ ఇద్దరికీ పని చెప్పింది.

రెండో వైపు

ఇంత చెప్పిన తరువాత ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. వెనుక భయంతో ఎప్పుడూ అద్దంలోనే చూస్తూ నడపకూడదు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో 900 మోటారు సైకిలు ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించి 1981లో నివేదిక ప్రకటించింది. ఆ ప్రమాదాల్లో నాలుగింట మూడు వంతులకు పైగా ఆపద ఎదుటి నుంచి, అటు 45 డిగ్రీలు ఇటు 45 డిగ్రీల లోపలి నుంచి వచ్చింది. కాబట్టి పోతున్నంతసేపు చూపు ముందే ఉండాలి. వేగం తగ్గించే ముందు ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి, ఆగిన తరువాత అదే పనిగా అద్దం చూడాలి.

ఇదే లెక్క తిప్పి చదివితే మనకే వర్తిస్తుంది. రాత్రి దీపాలు లేకుండా రోడ్డు పక్కన నిలిపిన లారీని, ధాన్యం ట్రాక్టరును వెనుక నుంచి గుద్దేది చాలాసార్లు మోటారు సైకిలువాడే. అప్పుడు వెనుకవాడం మనం. మన కంటికీ అదే పరిమితి, మన బ్రేకుకూ అదే సూత్రం. రాత్రి మన దీపం వెలుగు ఎంత దూరం పడుతుందో ఆ దూరంలో ఆగగలిగే వేగం మించకూడదు.

విద్యార్థి సంఘానికి ఒక మనవి. వార్షికోత్సవానికి మనం రంగు కాగితాలు కడతాం, ఆటల పోటీలు పెడతాం. వాటితోపాటు ఒక ఉదయం కాలేజీ స్టాండు దగ్గర గోడ పక్కన ఇద్దరు విద్యార్థులను నిలబెట్టండి. వచ్చిన ప్రతి బండినీ ఒక్క క్షణం ఆపి చేతి బ్రేకు, కాలి బ్రేకు పట్టించి ఎర్ర దీపం వెలుగుతుందో లేదో చూడమనండి. వెలగనివాటికి ఒక చీటీ ఇవ్వండి. పక్కనే ఒక ఎలక్ట్రీషియను ఉంటే బల్బు అప్పటికప్పుడే మార్చవచ్చు. దీనికి అధ్యక్షులు అక్కరలేదు, ఉపన్యాసాలు అక్కరలేదు, ఖర్చు కూడా పెద్దగా లేదు. ఆ సాయంత్రం కలపర్రు వైపు, కైకలూరు వైపు, దెందులూరు వైపు ఇళ్ళకు పోయే బండ్ల వెనుక దీపాలన్నీ వెలుగుతూ పోతాయి. అంతమాత్రం చెయ్యగలిగితే ఈ వ్యాసం రాసినందుకు నాకు తృప్తి.